బండమచ్చ దేనికి పనికొస్తుంది?

కోలారు జిల్లాకు పోతున్నానంటే మా స్టాఫ్‌రూములో ఒక్కరు కూడా దేనికని అడగలేదు. "బంగారం తెస్తారా మేడమ్?" అని మాత్రం అడిగారు. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటిందయ్యా అంటే, "మరింక అక్కడేముంది?" అన్నారు. ఏముందో చెబుదామనే ఇది రాస్తున్నాను. దోసెలు బాగుంటాయి. మిగతాది చదివి మీరు సంతోషపడతారని మాట ఇవ్వలేను. పోయి వచ్చినప్పటినుంచి నాకే మనసు బాగాలేదు.

నేను నంద్యాలలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. అక్కడికి పోయింది మా పిన్ని కూతురు సుజాత పని మీద. సుజాత బండమచ్చలను చదువుతుంది. పాత బండల మీద బూడిదరంగులో, లేతపచ్చగా, ఎండిన వడియాల్లా అతుక్కుని ఉంటాయే, అవి. లైకెన్లంటారు. బిర్యానీలో వేసే రాతిపువ్వు వాటి జాతిదే. ఆ మాట చెప్పగానే "అయితే ఇవి తినొచ్చా?" అంటారు అందరూ. ఇవి తినడానికి పనికిరావు. ముళబాగిలు తాలూకా బైరకూరు శివారులో ఒక పెద్ద రాతిగుండు ఉంది. దాని మీది మచ్చలు కొన్నింటికి చుట్టూ పసుపురంగు చుక్కలు పెట్టుకుని, ప్రతి శీతాకాలం వచ్చి, ఎంత పెరిగాయో కొలుచుకుని పోతుంది. ఏడాదికి గోరు మందం కూడా పెరగవు. పెళ్ళి కాకముందు మొదలుపెట్టింది. ఇప్పుడు దాని కూతురు హైస్కూలు.

ఈసారి నన్ను వెంట రమ్మంది. డబ్బిచ్చే కమిటీవాళ్ళు బెంగళూరుకు పిలిచారు. ఈ ఏటి కొలతలు తీసుకొచ్చి, ఈ పనివల్ల సమాజానికి ఏం ఉపయోగమో ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే ఇంతటితో ఆపేస్తారు. "నాకు మాటలు రావక్కా. నీ నోరు కావాలి" అంది. నోరు మూసుకోమన్నవాళ్ళే తప్ప నా నోరు కావాలన్నవాళ్ళను నేను చూడలేదు. బయల్దేరాను.

ముళబాగిలు

ఇక్కడి దోసె పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. అంచు కరకర, నడుమ దూది. లోపల ఎర్రకారం, పైన నెయ్యి. మా వైపు దోసె పొడుగు చూసి ధర కడతారు. ఇక్కడ పొడుగు మాటే లేదు, రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు. రెండూ కలిపి మా ఊరి ఒక మసాలా దోసె ధర.

"ఒక్క వాక్యం చెప్పు చాలు" అన్నాను తింటూనే. "నీ పనివల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది?"

"ఎవరికీ ఏమీ ఒరగదక్కా. రాయి మట్టి కావడం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. రాతిని మొదట కొరికేది ఇవే."

"తెలిసి?"

"తెలిసి, అంతే."

"అంతే అంటే సరేలే తల్లీ అనడానికి వాళ్ళు నీ మేనమామలా? అది పన్ను కట్టేవాళ్ళ సొమ్ము. నేనూ కడుతున్నాను. నాకు జవాబు కావాలి."

"నువ్వు కామర్స్ చెబుతావు గదా. దానివల్ల ఎవరికేం ఒరిగింది?"

"ఉద్యోగాలు వస్తాయి."

"వచ్చాయా?"

నేను ఇంకో దోసె చెప్పాను.

అయినా నా వాదన వదల్లేదు, బస్సులో కూడా. వీధి కుళాయిలో నీళ్ళు రాని దేశంలో బండ మీద మచ్చ ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి ఒక మనిషిని జీతమిచ్చి పోషించాలంటే, ఎందుకో చెప్పాల్సిన బాధ్యత ఆ మనిషిదే. ఇప్పటికీ అదే అంటాను. ఎవరికి చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అన్న దగ్గర మాత్రం ఇప్పుడు నాకు నోరు పెగలడం లేదు.

బైరకూరు, ముసురు

మేం దిగేసరికి ముసురు పట్టింది. రాగి చేలు కోసి కుప్పలేసుకున్నవాళ్ళు వాటి మీద పట్టాలు కప్పుతూ ఆకాశాన్ని తిడుతున్నారు. సుజాత కూడా తిట్టింది, దాని జన్మలో మొదటిసారి. తడిస్తే బండమచ్చ ఉబ్బుతుందట. రెండు రోజులు ఎండ కాస్తేగాని కొలవకూడదు. గుండు దగ్గరికి పోయి చూసి మాత్రం వచ్చాం. నాకు అందులో కనిపించింది ఏమీ లేదు. దానికి మాత్రం ఒక్కో మచ్చా పేరుపెట్టి పిలిచే మేకపిల్లలా ఉంది. "ఇది పోయినేడు ఎండకు అంచు విరిగింది. మళ్ళీ పట్టుకుంది చూడు" అంటూ తడుముతోంది.

గుండుకు ఎదురుగా రామక్క ఇల్లు. సుజాత ఎప్పుడు వచ్చినా అక్కడే భోజనం. రామక్క యాభై ఏళ్ళ మనిషి, రెండు ఆవులు, పట్టుపురుగులు. ఇంటి పక్కనే పురుగుల షెడ్డు. మేం అటు రెండడుగులు వేయగానే అరిచింది.

"ఆడికి పోవద్దు మా! ఆడికి పోవద్దు! బయటోళ్ళ కన్ను పడితే పురుగు మేత మానేస్తాది."

"కన్ను కాదు, కాళ్ళు" అంది సుజాత నాతో మెల్లగా. బయటినుంచి పాదాలతో రోగం వస్తుందని గుమ్మం ముందు సున్నం పరుస్తారట. సున్నం తొక్కి ఇంటివాళ్ళు మాత్రం లోపలికి పోతారు. కన్నయినా కాలయినా మమ్మల్ని వాకిలి దాటనివ్వలేదు. చుట్టాలొస్తే వంటింట్లోకి రానిచ్చి, పురుగుల దగ్గరికి రానివ్వని ఊరు నాకు నచ్చింది. రాగిముద్ద, పితికిపప్పు పులుసు పెట్టింది. ముద్ద నమలకూడదు, మింగాలి. నేను నమిలాను. రామక్క మొగుడు వెంకటేశప్ప నవ్వు ఆపుకోలేక లేచి ఆవుల దగ్గరికి పోయాడు.

ఈ విడత పురుగుల్లో పాలరోగం కనిపించిందని రామక్క అప్పుడు చెప్పింది. పురుగు ఉబ్బి, పసుపుపచ్చగా తిరిగి, చర్మం చిట్లి పాలు కారి చస్తుంది. ఒక తట్టలో మొదలైతే అన్ని తట్టలకూ పాకుతుంది.

"ఇంగ నాలుగైదు దినాల్లో గూడు కట్టాల్సినవి. దేవుడు ఇట్ల చేసినాడు" అంది. సుజాత వైపు తిరిగింది. "ఏమ్మా, నేను చూసినప్పట్నించి ఆ గుండు చుట్టూ తిరగతా ఉండావు. మా వాళ్ళు ఏమేమో అంటారు. నిధి ఉండాదని ఒకరు, బండ కొట్టేదానికి కంపెనీవోళ్ళు పంపినారని ఒకరు. నేను ఏమీ అనకుండా సుమ్నే ఉంటా. అయినా అడగతా ఉండా. దాంతో ఏం పని?"

సుజాత నా వైపు చూసింది. నేను కళ్ళతోనే, 'చెప్పు, ఇక్కడే మొదలుపెట్టు' అన్నాను.

"ఇట్లాంటి మచ్చల్లో క్రిముల్ని చంపే గుణం ఉందని కనుక్కున్నారు రామక్కా. ఎప్పుడో ఒకప్పుడు మందు కావచ్చు" అంది సుజాత.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాకు పరీక్ష పాసైన పిల్లను చూసినంత సంతోషమైంది. బయటికి వచ్చాక, "చూశావా, ఎంత తేలికో! కమిటీలో కూడా ఇదే చెప్పు" అన్నాను.

"మందు అనగానే ఆమె మొహం మారింది అక్కా" అంది సుజాత. "ఇన్నేళ్ళలో నన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు." సంతోషంగా అనలేదు ఆ మాట.

మారికుప్పం

మర్నాడు తెల్లగా ఎండ. గుండు ఆరేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని కేజీఎఫ్ పోయాం. మూతపడిన గని గోడల మీద బండమచ్చ ఏమైనా పట్టిందేమో చూడాలని సుజాతకు ఎప్పటినుంచో ఉంది.

బెంగళూరు నుంచి వచ్చే రైలు మారికుప్పంలో ఆగిపోతుంది, ముందుకు పట్టాలు లేవు. స్టేషన్ దాటగానే దిబ్బలు. వాటిని కొండలనుకున్నాను. కాదు. బంగారం కోసం పైకి తెచ్చి, పిండి చేసి, సైనైడు నీళ్ళలో కడిగి పారేసిన రాయి. వాన నీళ్ళు కోసిన చారలతో బూడిదరంగులో నిలబడి ఉన్నాయి. గడ్డి కూడా అక్కడొకటి ఇక్కడొకటి. నా చెప్పు తెగింది అక్కడే. ఒంటికాలి మీద గెంతుతుంటే, కింద లైను ఇళ్ళ దగ్గరినుంచి ఒకాయన కేకేశాడు.

"అమ్మా, ఆ కాలు కింద పెట్టొద్దు! పెట్టినా, కడుక్కోకుండా అన్నం తినొద్దు!"

గోపాలప్ప ఆయన. తాత కుప్పం దగ్గరి పల్లె నుంచి గనికి వచ్చాడు. నాన్న గనిలోనే చేశాడు. గని కట్టించిన వరస ఇళ్ళనే లైన్లంటారు. ఒక గది, ఒక వసారా, నెత్తిన రేకులు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, చెప్పుకు తీగ ముడేసి ఇచ్చాడు. భార్య టీ ఇచ్చింది. ఆమె తమిళంలో అడుగుతుంది, ఆయన తెలుగులో చెబుతాడు, ఇద్దరూ కన్నడంలో పోట్లాడుకుంటారు.

"ఏం చూసేదానికి వచ్చినారు?" అన్నాడు.

సుజాత చెప్పింది. ఆయన నవ్వలేదు. అది నాకు ఆశ్చర్యం.

"ఇట్లాంటోళ్ళు ముందు కూడా వచ్చినారు మా. గనిలో బాగా కిందికి పోయి, ఆడ సైన్సోళ్ళు రూము పెట్టినారు. ఆకాశం నించి ఏందో వస్తాదంట, కంటికి కనపడదంట, ఇంత బండ దాటుకొని కిందికి దిగతాదంట. దాన్ని పట్టేదానికి ఇనప పెట్టెలు. మా నాయన మోసినాడు ఆ పెట్టెలు. ఒకనాడు అడిగినాడంట, సార్, దాన్ని పడితే ఏం వస్తాది అని. ఆ సారు, ఏమీ రాదప్పా, ఉండాదని తెలుస్తాది అన్నాడంట. మా నాయన ఆ షిఫ్టంతా నవ్వతానే ఉన్నాడంట."

"పట్టారా?" అన్నాను.

"పట్టినారు. నాయన కూడా సంతోషపడినాడు, ఎందుకో ఆయనకే తెలీదు. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు."

"ఇప్పుడు ఆ గది?"

"అంతా నీళ్ళు. గని నిలిపినాక పంపులు నిలిపినారు. ఇంగ ఆ రూమూ నీళ్ళలోనే, మిగిలిన బంగారమూ నీళ్ళలోనే."

గోపాలప్ప చీకటితోనే రైలెక్కి బెంగళూరు పోయి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చుంటాడు. ఆ రోజు సెలవు. "నా ఉపయోగం ఏమంటే గేటు తీసేది, గేటు వేసేది" అన్నాడు. "కారు రాకపోతే నా ఉపయోగం కూడా లేదు." భార్య తమిళంలో ఏదో గొణిగింది. ఏమందని అడిగితే, "కారు వచ్చినా లేదంటా ఉండాది" అన్నాడు.

సుజాత గని గోడలన్నీ భూతద్దంతో చూసింది. ఎక్కడా ఒక్క మచ్చ కూడా పట్టలేదు.

పనికొచ్చేది నిలుస్తుంది, పనికిరానిది పోతుంది అని నేను క్లాసులో చెబుతూ వచ్చాను. బంగారం కంటే పనికొచ్చేది ఏముంది? దాని కోసం తరాలు తరాలు భూమిలోకి దిగాయి. మిగిలింది కాలు పెట్టకూడని దిబ్బ. పక్కనే ఎందుకూ పనికిరాని ఒక సంగతి కనుక్కున్నారు. అదీ అదే నీళ్ళలో ఉంది. రెంటిలో ఏది నా వాదనకు సాక్ష్యమో తేల్చుకోలేక తిరుగు బస్సులో నేను ఏమీ మాట్లాడలేదు. "జ్వరమా అక్కా?" అంది సుజాత.

ఆవని

మూడో రోజు కూడా ఎండే. సాయంత్రానికి బైరకూరు గుండు బాగా ఆరుతుందని లెక్కేసుకుని, పొద్దున ఆవని కొండ ఎక్కాం. సీతమ్మ లవకుశుల్ని కన్న చోటంటారు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మొక్కుకోవడానికి వస్తారు. మెట్ల పక్కన పూలమ్మే ఆమెను మూర చామంతులు అడిగితే నా తెలుగు విని ధర పెంచింది. నేను బేరమాడాను, తగ్గించింది, కొలిచేటప్పుడు మూర కూడా తగ్గించింది.

కొండంతా బండమచ్చలు. నారింజరంగువి, బొగ్గులాంటివి, పిడికెడు, అరచేయి అంతవి. సుజాత పమిట దోపుకుని బండ మీద బోర్లా పడుకుంది. కొప్పు ఊడింది, మోచెయ్యి గీసుకుపోయింది. దాని మొహం నేను ఎప్పుడూ అంత తేటగా చూడలేదు, పెళ్ళిలో కూడా.

తడిచీరతో దిగుతున్న ఒకావిడ ఆగింది. "ఏం పారేసుకున్నారమ్మా ఆడ?"

"ఏమీ లేదు. చూస్తోంది" అన్నాను.

"ఏం మొక్కుకుంది?"

"ఏమీ మొక్కుకోలేదు."

ఆవిడ జాలిగా చూసి, "ఊరికే ఎవరైనా ఇంత కొండ ఎక్కుతారా? ఏదో ఉంటాది, చెప్పుకోలేక పోతా ఉండాది పాపం" అని పసుపు కొమ్ము ఒకటి నా చేతిలో పెట్టి పోయింది. దేవుడి దగ్గరికే ఊరికే రాని మనుషులు సైన్సు దగ్గరికి ఊరికే వస్తారా?

మళ్ళీ బైరకూరు

గుండు దూరంనుంచే తెల్లగా కనిపించింది. బాగా ఆరిందనుకున్నాను. సుజాత మాత్రం నడక ఆపేసింది. తర్వాత పరుగెత్తింది.

బండ మీద ఒక్క మచ్చ లేదు. కొడవళ్ళతో గీకారు. చేతికి అందినంత మేర, ఆ పైన నిచ్చెన వేసుకుని మరికొంత. కింద కొబ్బరికాయ కొట్టి ఉంది, పసుపు, కుంకుమ, రెండు అగరుబత్తి పుల్లలు.

రామక్క మమ్మల్ని చూసి స్టీలు డబ్బా పట్టుకుని ఎదురొచ్చింది.

"నీ భాగం నీకు తీసిపెట్టినామమ్మా" అంది. డబ్బా అడుగున బూడిదాకుపచ్చ పొడి. "మా ఇంటికి స్వల్ప, మిగతా పురుగుల ఇండ్లోళ్ళకు స్వల్ప. అందరం పంచుకున్నాం. బండను గాయం చేస్తా ఉండామని పూజ చేసి, తప్పు మన్నించమని అడిగే గీకినాం. నీ పసుపు చుక్కలు మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు మా. చూసుకో కావాలంటే."

నిజమే. చుక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చుక్కకు చుక్కకు నడుమ కొడవలి కొనతో, జాగ్రత్తగా, పిల్లల గోళ్ళు తీసినట్టు గీకారు. మధ్యలో ఉత్త రాయి.

నాకు కోపం వచ్చి నోరు తెరిచాను. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. మందు కావచ్చు అన్నది సుజాత. అనమని కళ్ళతో తోసింది నేను. మందని విని, చచ్చిపోతున్న పురుగులను పెట్టుకుని ఊరుకోవడానికి రామక్క బండరాయా?

"పురుగులకు చల్లినారా?" అంది సుజాత. గొంతు మామూలుగానే ఉంది.

"సున్నంలో కలిపి చల్లినాం. నువ్వు చెప్పమ్మా, పని చేస్తాదా?"

పాలరోగం వైరస్ వల్ల వస్తుందని, ఈ మచ్చలు దాన్ని ఏమైనా చేస్తాయన్న నమ్మకం లేదని సుజాత నాతో ఆవని నుంచి వచ్చే దార్లోనే అంది. రామక్కతో, "తెలీదు రామక్కా. అది నేను ఎప్పుడూ పరీక్ష చేసి చూడలేదు" అంది.

"ఇన్నేండ్లు ఏం చూసినావు మరి?" అంది రామక్క. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది.

షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. వెంకటేశప్ప లోపల తట్టలు వంచి పురుగుల్ని బకెట్లోకి దులుపుతున్నాడు. సుజాత గుమ్మం దగ్గర ఆగింది. "రా మా, లోపలికి రా" అన్నాడు. "ఇంగ ఎవరు వచ్చినా ఒకటే."

సుజాత చెప్పులు విప్పి లోపలికి పోయి, బాగున్న పురుగులేమైనా మిగిలాయేమోనని వాళ్ళతో కలిసి ఏరడానికి కూర్చుంది. ఎన్నో దొరకలేదు. వెంకటేశప్ప పెరట్లో గుంత తవ్వాడు. బస్సు వేళయిందని నేను రెండుసార్లు పిలిచాను. వినిపించుకోలేదు.

బెంగళూరు

కమిటీ గది బయట నేను కూర్చున్నాను. ఎదురుగా కుర్రవాళ్ళు ముగ్గురు ఎవరి ఉపయోగం వాళ్ళు పెదాలు కదుపుతూ బట్టీ పడుతున్నారు.

సుజాత లోపల ఏమీ దాచలేదట. ఈ ఏటి కొలతలు లేవని, మచ్చలే లేవని, ఎందుకు లేవో కూడా చెప్పింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న పెద్దలు తలెత్తారు. "రైతులే వాడారా? పట్టుపురుగుల మీదా?" అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పురుగులు బతకలేదని సుజాత చెప్పింది. "మోతాదు చాలకపోయి ఉండొచ్చు కదా? అది తేల్చండి" అన్నారు. ఆ రోగానికి పనిచేస్తుందనుకోను అని కూడా చెప్పింది. "మీరనుకోవడం కాదమ్మా, పరీక్షించి చెప్పండి" అన్నారు. సైన్సు పద్ధతిలో అది తప్పు మాటేమీ కాదు.

డబ్బు మంజూరైంది. ఇదివరకు ఎప్పుడూ అంత ఇవ్వలేదు. గుండు మీది కొలతల పని మూసేయమన్నారు, కొలవడానికి ఏమీ లేదు గనక.

నిన్న ఫోన్ చేసింది. పరీక్షకు బస్తాల్లో పొడి కావాలట. కొండలు గీకడానికి మనుషుల్ని మాట్లాడుతోంది. "రామక్క వస్తానంది అక్కా, ఆమెకు అలవాటయింది కదా" అంది. నేను అవునన్నాను. పాత మచ్చల సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ఇప్పుడు బస్సులో పక్కనున్నవాళ్ళు నీ పని ఏమిటమ్మా అని అడిగితే సుజాత తడుముకోవడం లేదట. పట్టుపురుగుల మందు అని చెబుతుంది. మంచి పని తల్లీ, చల్లగా ఉండు అంటున్నారట అందరూ.